నాలుగంగుళాల కత్తెర: కిల్ట్ మీదికి పాత కోటు

ప్యాంటు మీదికి కుట్టిన 38 సైజు స్పోర్ట్ కోటును బల్ల మీద బోర్లా పరిచి, కాలరు కింది కుట్టు నుంచి అంచు దాకా టేపు పెడితే 30 అంగుళాల దరిదాపులో తేలుతుంది. అదే మనిషి స్కాట్లండ్‌లో పగటి వేడుకకి కిల్ట్ (నడుముకి చుట్టుకునే కుచ్చిళ్ల ఉన్ని బట్ట) మీద వేసుకునే ట్వీడ్ (ముతక ఉన్ని) కోటు 26కి అటూ ఇటూగా ఉంటుంది. తేడా 4 అంగుళాలు.

ఎడిన్‌బరోలోనో గ్లాస్గోలోనో చారిటీ దుకాణాల్లో పాత ట్వీడ్ కోట్లు పదుల పౌండ్లకే దొరుకుతాయి. కొత్త కిల్ట్ కోటు కొనాలంటే వందల పౌండ్లు వదులుతాయి. కాబట్టి పాతది కొని 4 అంగుళాలు కత్తిరిస్తే పని అయిపోతుందని చాలామంది లెక్క. ఈ లెక్క సగమే నిజం. అంచు పైకెత్తడం ఈ మొత్తం పనిలో తేలికైన భాగం. జేబు ఎక్కడుంది, పై కాజా ఎక్కడుంది అన్న రెండు కొలతలు మాత్రం కోటు పుట్టినరోజే ఖాయమైపోయాయి. వాటిని ఎంత పనిమంతుడైన దర్జీ అయినా సుళువుగా జరపలేడు. అందుకని ఈ వ్యవహారంలో ముప్పాతిక వంతు గెలుపోటములు దుకాణంలో, కోటు ఇంకా హ్యాంగరు మీద ఉన్నప్పుడే తేలిపోతాయి.

లెక్కలన్నీ అంగుళాల్లోనే చెప్పుకుందాం. మీటర్లు వచ్చి ఎన్నేళ్లయినా కిల్ట్ కుట్టేవాళ్లూ అంగుళాన్ని వదల్లేదు, మన దర్జీలూ వదల్లేదు.

నడుము ఎక్కడుంది?

ఈ కాలం ప్యాంటు తుంటి మీద నిలబడుతుంది. కిల్ట్‌ని అసలైన నడుముకి, అంటే బొడ్డు మట్టానికి, బిగించి కట్టుకోవాలి. దాని పై అంచు అక్కణ్ణుంచి ఇంకో 2 అంగుళాలు పైకి లేస్తుంది. కింది అంచు మోకాలి చిప్ప దగ్గర ఆగుతుంది. 5 అడుగుల 9 అంగుళాల మనిషికి కిల్ట్ మొత్తం పొడవు 24 అంగుళాలు అనుకుందాం.

ఆ మనిషికి కాలరు కుట్టు నుంచి నడుము దాకా 17.5 అంగుళాలు అనుకుంటే, 30 అంగుళాల కోటు నడుము కిందికి 12.5 అంగుళాలు దిగుతుంది. కిల్ట్‌లో నడుము పైకి లేచిన 2 తీసేస్తే కింద మిగిలేది 22. అందులో 12.5 కోటు మింగేస్తే పైకి కనపడేది 9.5 మాత్రమే, సగం కూడా లేదు. చూసేవాళ్లకి కోటు వేసుకున్న పెద్దమనిషి ప్యాంటు మరిచిపోయి వచ్చినట్టుంటుంది. కోటుని 26కి కుదిస్తే 8.5 కప్పుకుపోయి 13.5 కనపడుతుంది. 22లో 13.5 అంటే 61 శాతం. కాళ్లు ఒక్కసారిగా పొడుగవుతాయి.

8.5 దగ్గరే ఆగడానికి ఇంకో కారణం వెనకవైపుంది. నిండు కిల్ట్‌కి 8 గజాల గుడ్డ పడుతుంది. అంటే 288 అంగుళాలు. తుంటి చుట్టుకొలత 40 అనుకోండి. ముందు భాగం సాపుగా ఉండే రెండు పొరలు, ఒకటి పైన, ఒకటి కింద, చెరి 20 అంగుళాలు. మిగిలిన 248 అంగుళాల గుడ్డా వెనకున్న 20 అంగుళాల్లోకి కుచ్చిళ్లుగా వెళ్లాలి. భాగిస్తే 12 పైచిలుకు పొరలు. పైగా అది పల్చటి నూలు కాదు, దట్టమైన ఉన్ని. ఈ కుచ్చిళ్లని నడుము నుంచి పిరుదుల మట్టం దాకా, దాదాపు 8 అంగుళాల మేర, కుట్టేస్తారు. అక్కణ్ణుంచి కింద వదిలేస్తారు. నడిస్తే ఊగేది ఆ వదిలేసిన భాగం. 26 అంగుళాల కోటు అంచు సరిగ్గా కుట్టు ఆగిన చోటుకి కాస్త కింద పడుతుంది. 30 అంగుళాలదైతే ఊగాల్సిన కుచ్చిళ్ల మీద ఇంకో 4 అంగుళాలు ఎక్కి కూర్చుంటుంది. పన్నెండు పొరల ఉబ్బు దాన్ని వెనక్కి నెట్టి తోకలా లేపుతుంది.

మన పాత ఫొటోల్లో పంచె మీద కోటు తొడుక్కున్న ప్లీడర్లూ, బడిపంతుళ్లూ గుర్తుకొస్తారు. అక్కడ కోటు ఎంత పొడుగైతే అంత హుందా. కుచ్చిళ్లు ముందుకొస్తాయి, గోచీ వెనక దోపుకుంటారు, కోటు ఆ దోపుళ్లని మర్యాదగా కప్పేస్తుంది. కిల్ట్‌ది పూర్తిగా తిరగేసిన వ్యవహారం. కుచ్చిళ్లు వెనక ఉంటాయి, వాటిని చూపించడం కోసమే అంత గుడ్డ ఖర్చు పెట్టారు.

ముందువైపు స్పోరన్ ఉంది. కిల్ట్‌కి జేబులుండవు కాబట్టి డబ్బు, తాళాలు, ఫోను అన్నీ నడుము నుంచి గొలుసుతో వేలాడే ఈ తోలు సంచిలోకే వెళ్తాయి. బెల్టు కింద నాలుగు వేళ్ల ఎడంలో దాని పై అంచు ఉండాలి. సంచి ఎత్తు 8 అంగుళాలు అనుకుంటే, నడుము కింద 3 నుంచి 11 అంగుళాల దాకా దాని చోటు. 12.5 అంగుళాలు దిగిన కోటుకి గుండీ పెడితే రెండు రెక్కలూ స్పోరన్‌ని అటు సగం ఇటు సగం మూసేస్తాయి. కాబట్టి కోటుని పొట్టి చేస్తే సరిపోదు. ముందు రెక్కల్ని గుండీ కింద నుంచే వంపుగా పక్కలకి కోసేయాలి. కిల్ట్ కోటుని దూరం నుంచి గుర్తుపట్టించేది పొడవు కన్నా ఈ వంపే.

కత్తిరించడం తప్పా?

ట్వీడ్ అంటే భక్తి ఉన్నవాళ్లు మంచి కోటుకి కత్తెర పెట్టడానికి జంకుతారు. చరిత్ర చూస్తే అంత జంకక్కర్లేదు. కిల్ట్ అనేదే పెద్ద బట్టని కుదించి తయారు చేసిన బట్ట. స్కాట్లండ్ కొండసీమ హైలాండ్‌లో పాతకాలపు మనుషులు కట్టుకున్నది ఒంటి మొత్తానికీ, భుజం మీదికి కూడా సరిపోయే పెద్ద దుప్పటి లాంటి బట్ట. నేల మీద పరిచి, కుచ్చిళ్లు మడిచి, బెల్టుతో బిగించేవాళ్లు. 18వ శతాబ్దం మొదట్లో పై సగం ఊడిపోయి నడుము కింద సగం మిగిలింది. ఆ పని 1720ల్లో థామస్ రాలిన్సన్ అనే లాంకషైర్ ఇనుప వ్యాపారి చేయించాడని ఒక కథ ఉంది. స్కాట్లండ్ జాతీయ దుస్తుని ఇంగ్లీషువాడు కనిపెట్టాడంటే ఎవరికి నచ్చుతుంది? చరిత్రకారులు దాని మీద ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నారు.

1746లో హైలాండ్ తిరుగుబాటుని అణిచేసిన కలోడెన్ యుద్ధం తర్వాత బ్రిటిష్ పార్లమెంటు చేసిన చట్టం కిల్ట్‌నే కాదు, కోటునీ వదల్లేదు. టార్టాన్ అనే గళ్ల గుడ్డతో పై కోటు కుట్టించుకోవడం కూడా నేరమే. మొదటిసారి పట్టుబడితే 6 నెలల జైలు, రెండోసారి 7 ఏళ్ల ద్వీపాంతరం. సైన్యంలో ఉన్నవాళ్లకి మాత్రం మినహాయింపు. 1782లో ఆ చట్టం రద్దయింది. 40 ఏళ్లు గడిచాక, 1822లో, నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరో వచ్చాడు. ఆ వేడుక ఏర్పాట్లన్నీ నవలా రచయిత వాల్టర్ స్కాట్ చూశాడు. రాజుగారి హైలాండ్ వేషం బిల్లు 1,354 పౌండ్ల 18 షిల్లింగులు. దాని కింద ఆయన వేసుకున్న చర్మం రంగు బిగుతు లాగు మీద కార్టూనిస్టులు పండగ చేసుకున్నారు. నేడు మనం సంప్రదాయం అంటున్న దాంట్లో చాలా భాగం ఆ ఏడాది తర్వాత దర్జీలు స్థిరపరచినదే. దర్జీలు చేసినదాన్ని దర్జీలు మార్చడంలో అపచారం ఏముంది!

హ్యాంగరు దగ్గర టేపు

ముందు భుజం చూడండి. భుజం కుట్టు మీ భుజం చివర దగ్గర పడకపోతే ఆ కోటు ఎంత చవకైనా వెనక్కి పెట్టేయండి. భుజం విప్పి కుట్టే ఖర్చుతో మొత్తం లాభం పోతుంది.

తర్వాత లేబుల్ మీద అక్షరం. 38 పక్కన ఆర్ అని ఉంటే మామూలు పొడవు, ఎస్ అని ఉంటే పొట్టి. ఎస్ కోటు అంగుళం నుంచి అంగుళంన్నర దాకా పొట్టిగా వస్తుంది. మామూలు పొడవు మనిషైనా చేతులు మరీ పొడుగు కాకపోతే ఎస్ తీసుకోవచ్చు. అప్పుడు కత్తిరించాల్సింది 4 బదులు రెండున్నర, మూడు అంగుళాలే. ఇంకో మంచి సంగతి, ఎస్ కోటులో గుండీ, జేబు కూడా కాస్త పైకి ఉంటాయి. చేతి పొడవు కూడా తగ్గుతుంది కాబట్టి చేతి అంచు లోపల మడతలో ఎంత గుడ్డ మిగిలి ఉందో వేలు పెట్టి చూసుకోండి. ఒకటిన్నర అంగుళం ఉంటే ముప్పావు అంగుళం దాకా ధైర్యంగా దించుకోవచ్చు.

ఇక అసలు కొలత. కింది జేబు నోటి నుంచి కోటు అంచు దాకా ఎంత? 9 అంగుళాలుంటే అదృష్టం. 4 పోగా 5 మిగులుతాయి. జేబు మీది మూత రెండుంపావు అంగుళాలు తీసుకున్నా దాని కింద రెండుముప్పావు అంగుళాల ఖాళీ ఉంటుంది, కంటికి బాగుంటుంది. 8 ఉన్నా నెట్టుకురావచ్చు. 7 అయితే మూత కింద మిగిలేది ముప్పావు అంగుళం, కోటు అంచుకి నాలుక వేలాడుతున్నట్టుంటుంది. అలాంటి కోటు జోలికి పోవద్దు. జేబు నోటిని పైకి జరపడం కుదరదు, ఎందుకంటే అది గుడ్డలో కోసిన కన్నం. పాత కన్నాన్ని ఎక్కడ దాస్తారు?

పైన కుట్టిన అతుకు జేబులున్న కోట్లు చారిటీ దుకాణాల్లో బోలెడు. చూడటానికి కులాసాగా ఉంటాయి, మన పనికి మాత్రం శత్రువులు. జేబు కిందిదాకా దిగి ఉంటుంది కాబట్టి 4 అంగుళాలు తీస్తే జేబు అడుగు కూడా కోతలోకి వస్తుంది. విప్పి పైకి కుడదామా అంటే, విప్పగానే అసలు రంగు బయటపడుతుంది. ఇరవై ఏళ్లు ఎండ తగలని ఆ నలుచదరం చుట్టూ ఉన్న గుడ్డ కన్నా ముదురుగా, కొత్తగా మెరుస్తుంటుంది. చుట్టూ సూది కన్నాల వరస. ఇస్త్రీ ఆవిరికి కన్నాలు మూసుకుంటాయి కానీ రంగు తేడా పోదు.

రెండో ముఖ్యమైన కొలత పై గుండీ. కోటు వేసుకుని గుండీ పెడితే అది బొడ్డు మట్టానికో, అర అంగుళం పైకో ఉండాలి. బొడ్డుకి రెండు అంగుళాలు కింద ఉంటే కిల్ట్ బెల్టు గుండీ పైనుంచి తొంగిచూస్తుంది. మూడు గుండీల కోటైతే ఈ బాధ తక్కువ, నడిమి గుండీ సాధారణంగా కాస్త పైనే ఉంటుంది. గుండీని ఎక్కడికైనా మార్చి కుట్టొచ్చు, కాజాని మార్చలేం.

రెండు గుండీల కోటులో కింది కాజా ఇంకో చిక్కు. అది పై కాజాకి 4 అంగుళాల కింద, అంచు నుంచి అర అంగుళం లోపల మొదలై మరో అంగుళం దాకా సాగుతుంది. ముందు వంపు ఆ మట్టంలో అంగుళంన్నరకి మించి లోపలికి వెళ్తే కాజా కోతలో కలిసిపోతుంది, గొడవ లేదు. వంపు పిరికిగా అంగుళం దగ్గర ఆగితే సగం కాజా అంచు మీద నోరు తెరుచుకుని కనపడుతుంది. నా సలహా, రెండంగుళాలు కోయించండి. కుట్టుకి పావు అంగుళం పోయినా కాజా ఆనవాలు మిగలదు.

వెనక చీలిక సంగతి త్వరగా తేల్చేయొచ్చు. ఒకే నడిమి చీలిక ఉంటే కుచ్చిళ్ల ఉబ్బుకి అది విచ్చుకుంటుంది, కుట్టి మూసేయండి. రెండు పక్క చీలికలైతే అలాగే ఉంచొచ్చు, 9 అంగుళాల చీలికలో 5 మిగిలి వెనక రెక్క కుచ్చిళ్ల మీద సాపుగా పడుతుంది.

గుడ్డ విషయానికొస్తే, లోపల గోళం, దాని మీద శిలువ ముద్ర ఉన్న హారిస్ ట్వీడ్ లేబుల్ కనిపిస్తే మనసు లాగుతుంది. 1993లో చేసిన చట్టం ప్రకారం ఔటర్ హెబ్రిడీస్ దీవుల్లో, నేతగాళ్లు తమ ఇళ్ల దగ్గర చేతి మగ్గం మీద నేసిన ఉన్నికే ఆ పేరు చెల్లుతుంది. గుడ్డ మంచిదే, కానీ నేత వదులు. కోసిన అంచు గంటలో దారాలు దారాలుగా ఊడటం మొదలెడుతుంది. కోసిన వెంటనే ఓవర్‌లాక్ చేయించాలి. రంగుల్లో, గళ్ల కోటుని వదిలేయడం మేలు. కింద టార్టాన్ గళ్లు ఎలాగూ ఉన్నాయి. చేపముల్లు నేత, బూడిద రంగు, ఆకుపచ్చ, గోధుమ, ఇవి దేనితోనైనా సర్దుకుంటాయి.

కత్తెర ముందు దారం

కోసేముందు కచ్చా కుట్టు. అంచుని 3 అంగుళాలు లోపలికి మడిచి పెద్ద పెద్ద కుట్లు వేసి, కిల్ట్ కట్టుకుని, స్పోరన్ పెట్టుకుని, కోటు వేసుకుని అద్దం ముందు నిలబడాలి. తర్వాత మూడున్నర, తర్వాత 4. ప్యాంటు మీద ట్రయల్ చూసుకుంటే లాభం లేదు. కుర్చీలో కూర్చుని కూడా చూసుకోవాలి. కిల్ట్ కట్టుకున్నవాళ్లు కూర్చునేముందు వెనక కుచ్చిళ్లని చేత్తో సవరించుకుంటారు, కోటు అంచు ఆ చేతికి అడ్డం రాకూడదు. చాలామందికి మూడున్నర దగ్గరే సరిపోయిందనిపిస్తుంది. సరిపోతే అక్కడే ఆగండి.

4 అంగుళాలు పొట్టి చేయాలంటే కనపడే అంచు నుంచి 4 కోసేయడం కాదు. ఇక్కడ తొందరపడి పాడైన కోట్లు ఎన్నో. కొత్త అంచుకి మళ్లీ అంగుళంన్నర మడత కావాలి. పూర్తయ్యాక పొడవు 26 అయితే, కత్తెర పెట్టాల్సిన గీత 27.5 దగ్గర. పాత అంచుని ముందు విప్పాలి. విప్పితే మడత గాడిలో నలిగిన ఉన్ని నూగు, బూడిద రంగు దుమ్ము ఉండలు కట్టి ఉంటుంది. బ్రష్షు చేసి, ఆవిరి పట్టించి ఆ గాడిని సాపు చేశాకే సుద్ద గీత గీయాలి. పాత మడత అంగుళంన్నర కలిపితే గుడ్డ మొత్తం పొడవు 31.5. 27.5 దగ్గర కోస్తే చేతికొచ్చేది 4 అంగుళాల పట్టీ.

అస్తరు అరంగుళం పొట్టిగా ఉండాలి, లేకపోతే కింద నుంచి తొంగిచూస్తుంది. అంచుకి దాన్ని కుట్టేటప్పుడు కాస్త వదులు మడత కూడా ఉంచాలి, బిగుతుగా కుడితే కోటు లోపలికి ముడుచుకుంటుంది. జేబు సంచి 6, 7 అంగుళాల లోతుంటుంది. ఇప్పుడు నోటి కింద ఉన్నది 5 అంగుళాలే కాబట్టి సంచిని నాలుగు దగ్గర అడ్డంగా కుట్టి మిగతాది కోసేయాలి. రుమాలు పడుతుంది, చాలు. మిగతావన్నీ స్పోరన్ చూసుకుంటుంది.

ముందు వంపుని దర్జీకే వదలండి. ముందు రెక్క లోపల నాలుగు పొరలుంటాయి: పై గుడ్డ, బక్రం, లోపలి పట్టీ, దాని పక్కన అస్తరు. కుట్టు విప్పి వంపు గీసి, బక్రాన్ని మిగతా పొరల కన్నా పావు అంగుళం లోపలికి కోయాలి, లేకపోతే అంచు లావుగా మొద్దుబారిపోతుంది. ఎడమ రెక్క మీద గీసిన వంపుని కాగితం మీదికి ఎత్తి కుడి రెక్కకి అదే కాగితం పెట్టాలి. కంటి అంచనాతో రెండోది గీస్తే ఎంత సీనియర్ దర్జీకైనా తేడా వస్తుంది, స్పోరన్ మధ్యలో వేలాడుతూ ఆ తేడాని అందరికీ చూపిస్తుంది.

కోసిన పట్టీని పారేయకండి. కిల్ట్ కోట్లలో ఒక రకమైన ఆర్గైల్ కోటు చేతికి ఉండే ముక్కు తేలిన పెద్ద పట్టీని దాంతోనే తయారు చేసుకోవచ్చు. వెనక భాగం నుంచి వచ్చిన రెండు ముక్కలూ చెరి 10 అంగుళాల వెడల్పుంటే, చేతి అంచు చుట్టుకొలత 11. ఒక్క ముక్కలో రాదు. అతుకు వేయాలి, ఆ అతుకు చేతి వెనక కుట్టు మీద పడేలా చూస్తే ఎవరికీ కనపడదు. భుజాల మీద పట్టీలు కూడా పెడతామని కొందరు ఉబలాటపడతారు. పగటి ట్వీడ్ కోటుకి అదంతా ఎక్కువ. ప్లాస్టిక్ గుండీలు తీసి కొమ్ము గుండీలు వేయిస్తే దానికే సగం రూపం మారిపోతుంది.

సాయంత్రం విందుకి వేసుకునే ప్రిన్స్ చార్లీ కోటుని ఈ దారిలో తయారు చేయొచ్చా అంటే, కుదరదు. అది ముందువైపు నడుము దగ్గరే ఆగిపోయి వెనక చిన్న తోకలు వేలాడే వేరే కోత, దానికి ప్యాంటు మీది కోటు ఏదీ దగ్గరికి రాదు.

జేబు 7 దగ్గరుండి, గుండీ బొడ్డు కిందికి జారి, పైన అతుకు జేబులు కూడా ఉన్న కోటు మీద మనసుపడితే దాన్ని ప్యాంటు మీదే వేసుకోండి. కిల్ట్ కోటు తప్పనిసరైతే, స్కాట్లండ్‌లో పెళ్లిళ్లకి కిల్టులు అద్దెకిచ్చే దుకాణాలు బాగా వాడిన సరుకుని మధ్యమధ్యలో తీసి అమ్మేస్తుంటాయి. అందులో నల్లకోట్లే ఎక్కువ, అవి సాయంత్రపు సరుకు. ట్వీడ్ కనపడితే మాత్రం మోచేతులు, చంకల కింది కుట్లు, కాలరు మడత చూసుకుని బేరమాడండి. కోత, వంపు, జేబు అన్నీ ముందే లెక్క ప్రకారం కుట్టి ఉంటాయి కాబట్టి, దర్జీ కూలీ కలుపుకుంటే మీ చారిటీ దుకాణం కోటు కన్నా అదే చవక పడొచ్చు.